బొగ్గుబాయికి దారి చూపిన విలియం కింగు

కృష్ణానది సముద్రమును చేరు సీమలో, దివిసీమకు చేరువగా, ఘంటసాల గ్రామము కలదు. ఆ ప్రాంతమున నూతికొరకు నేలను త్రవ్వినచో మొదట నల్లరేగడి, పిదప ఒండ్రుమట్టి, దాని క్రింద ఇసుక వచ్చును. గునపమునకు రాయి తగులుట అరుదు. ఆ నేల యంతయు వేల సంవత్సరములుగా కృష్ణవేణి తెచ్చి పరచిన మట్టియే. అయినను ఆ ఊరి బౌద్ధస్తూపపు దిబ్బలో చక్కని సున్నపురాతి శిల్పములు దొరకినవి. ఆ రాయి అచ్చట పుట్టినది కాదు. ఎగువ సీమలనుండి తేబడినది. అట్లే 1908వ సంవత్సరమున బెజవాడనుండి మచిలీపట్టణమునకు రైలుబండి వచ్చినప్పుడు దాని యంత్రమును నడిపిన బొగ్గు కూడ డెల్టాలో దొరకునది కాదు. అదియు ఎగువనుండి రావలసినదే.

ఆ రాయి ఎట్టి నేలలో పుట్టును? ఆ బొగ్గు ఎచ్చట దాగియున్నది? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము వెదకుచు పందొమ్మిదవ శతాబ్దమున ఒక మహాపురుషుడు తెలుగుదేశమును కాలినడకన చుట్టివచ్చెను. పలనాటి రాతిపొరలను పటమునకెక్కించినవాడు ఆయనయే. సింగరేణి బొగ్గును లోకమునకు తెలిపినవాడును ఆయనయే. ఆయన పేరు విలియం కింగు.

కింగు 1830ల దశకమున ఇంగ్లాండు దేశమందు జన్మించెను. తండ్రి పేరు కూడ విలియం కింగే. ఆ తండ్రి సండర్లాండు పట్టణమున పుట్టి, న్యూకాసిలు పట్టణపు ప్రదర్శనశాలకు పాలకుడై, శిలలను, శిలాజములను సేకరించి వరుసలో అమర్చుచుండెను. న్యూకాసిలు ఆనాడు ప్రపంచమున పేరెన్నికగన్న బొగ్గుసీమకు ముఖ్యపట్టణము. ఊరు దాటినచో ఎటుచూచినను గనులే. ఒక్కొక్క గని మీద ఎత్తయిన కొయ్యచట్రము, దాని శిఖరమున తిరుగు గిలకలు, ప్రక్కన పొగగొట్టము, బొగ్గుబండ్లు నదియొడ్డునకు పోవు ఇనుపదారి కనబడుచుండెను. చిన్ననాటినుండి ఆ బాలునికి ఇంట శిలలు, బయట బొగ్గుగనులు కనులపండువుగా నుండెను.

1849లో తండ్రికి ఐర్లాండు దేశపు గాల్వే కళాశాలలో భూగర్భశాస్త్రాచార్యపదవి లభించెను. మరుసటి సంవత్సరమే ఆయన పెర్మియను యుగపు శిలాజములను గూర్చి గొప్ప గ్రంథమును ప్రకటించెను. కుమారుడు ఆ తండ్రి యొద్దనే ఈ శాస్త్రమును అభ్యసించి పట్టము పొందెను. తండ్రి వర్ణించిన యుగమునకు చెందిన బొగ్గునే కుమారుడు వేల మైళ్ల దూరమున, తెలుగుదేశపు అడవిలో కనుగొనునని ఆనాడెవ్వరును ఊహింపలేదు.

1857లో కింగు భారత భూగర్భశాస్త్ర శాఖలో ఉద్యోగియై మన దేశమునకు వచ్చెను. ఆ శాఖ స్థాపింపబడి అప్పటికి కొలదికాలమే యైనది. దాని అధిపతి థామస్ ఓల్డుహాం. దేశములో ఎచ్చట ఎట్టి రాళ్లున్నవో, ఏ ఖనిజము దొరకునో తెలిసికొని పటములు వ్రాయుట దాని పని. అందు ముఖ్యమైనది బొగ్గు. ఓడలును, రైళ్లును, మిల్లులును ఆవిరితో నడుచుచున్న కాలమది. ఆవిరికి బొగ్గు కావలెను.

దక్షిణదేశమునకు ఈ విషయమున పెద్ద కొరత యుండెను. వంగదేశమందు రాణిగంజి గనులుండెను. మద్రాసు రాజధానిలో 1856లోనే రైలు నడువ మొదలిడినను, దానికి తగిన బొగ్గు దగ్గరలో లేదు. ఇంగ్లాండునుండి ఓడలలో తెచ్చిన బొగ్గు ఎంతో ప్రియము. అందుచేత రైలుయంత్రములలో కట్టెలు మండించిరి. ఆ కట్టెల కొరకై తీరమువెంబడి సరుగుడుతోటలు పెంచిరి. అడవులు తరిగిపోవుచుండెను, అయినను యంత్రముల ఆకలి తీరుటలేదు. దక్షిణాపథమున బొగ్గు కలదా లేదా యను ప్రశ్నకు అంతటి ప్రాధాన్యముండెను.

కింగునకు మద్రాసు రాజధాని పని యొప్పగింపబడెను. ఆనాటి భూగర్భశాస్త్రజ్ఞుని జీవితము సుఖమైనది కాదు. వానలు వెనుకపట్టిన తరువాత ఎద్దుబండ్లమీద గుడారములను వేసికొని బయలుదేరవలెను. వేసవి ముదురువరకు ఊరూరు తిరుగవలెను. చేత సుత్తి, దిక్సూచి, రాతిపొరల వాలును కొలుచు చిన్న పరికరము, సంచిలో పటము, ఇవియే ఆయన ఆయుధములు. ప్రతి వాగులోను దిగి, ఒడ్డున బయటపడిన రాతిని కొట్టి చూచి, అది ఏ దిక్కునకు ఎంత వాలియున్నదో కొలిచి, పటముమీద రంగు వేసికొనవలెను. వానకాలమున కార్యాలయమునకు మరలి, చూచినదంతయు క్రమముగా వ్రాయవలెను. అడవిజ్వరము, మండుటెండ, మంచినీటి కొరత నిత్యమును వెంటనుండును. ఇట్లు ఒక సంవత్సరము కాదు, పది సంవత్సరములు కాదు, ముప్పదియేండ్లు గడపిన ఓర్పు కింగుది.

మొదటి సంవత్సరములలో ఆయన సేలము, తిరుచిరాపల్లి, తంజావూరు ప్రాంతముల శిలలను పరిశీలించెను. రాబర్టు బ్రూసు ఫూటు అను మరియొక శాస్త్రజ్ఞుడు ఆయనకు సహచరుడు. 1863లో ఫూటు మద్రాసు దగ్గరి పల్లావరమున ఆదిమానవుడు చెక్కిన రాతిపనిముట్టును కనుగొనెను. అదే సంవత్సరమున కింగు, ఫూటు కలిసి అత్తిరంపాక్కము దగ్గర అట్టి పనిముట్లను మరికొన్నింటిని కనుగొనిరి. భారతదేశపు ప్రాచీనచరిత్ర ఎంత లోతైనదో అప్పుడు లోకమునకు తెలిసెను. విచిత్రమేమనగా, అదే సంవత్సరము తండ్రి కింగు జర్మనీ దేశపు లోయలో దొరకిన పుర్రెను పరిశీలించి, అది మనకంటె భిన్నమైన ఒక ప్రాచీన మానవజాతిదని పండితసభలో ప్రతిపాదించెను. నియాండర్తలు మానవునకు శాస్త్రీయనామము పెట్టినది ఆయనయే. తండ్రి ఐర్లాండునందును, కొడుకు దక్షిణదేశమునందును ఉండి, ఒకే సంవత్సరమున ఆదిమానవుని జాడలను వెదకిరి.

పిదప కింగు కడప, కర్నూలు సీమలకు వచ్చెను. నల్లమల కొండలు, కుందేరు లోయ, పలనాడు మొదలగు ప్రదేశములన్నిటిని పరిశీలించి, ఆ శిలలు మిక్కిలి పురాతనమైనవని, వానిలో పొరపై పొరగా ఒక క్రమము కలదని నిరూపించెను. ఆయన ఆ శిలాసముదాయములకు మన నదుల పేర్లు, కొండల పేర్లు, ఊళ్ల పేర్లే పెట్టెను. పాపాఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణ, బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యము, కుందేరు అనునవి ఆ పేర్లు. నేటికిని ప్రపంచమందలి భూగర్భశాస్త్రగ్రంథములలో ఈ తెలుగుపేర్లలో పెక్కు కనబడును. ఈ విషయమై ఆయన వ్రాసిన గ్రంథము 1872లో వెలువడెను.

ఆ సంవత్సరమే ఆయన జీవితమున మరియొక ముఖ్యఘట్టము జరిగెను.

గోదావరి, ప్రాణహిత నదుల లోయలో బొగ్గుజాడలున్నవని అంతకు పూర్వమే కొందరు తెలిపియుండిరి. కాని జాడ వేరు, గని వేరు. వాగులో నాలుగు నల్లరాళ్లు దొరకినంతమాత్రమున గని త్రవ్వుటకు వీలులేదు. ఆ రాయి ఎంత మందముగల పొరనుండి వచ్చినది, ఆ పొర ఎంతదూరము వ్యాపించియున్నది, ఎంత లోతునకు పోవుచున్నది, మండినప్పుడు ఎంత బూడిద మిగులును అను విషయములు తెలియవలెను. ఇవి తెలియక త్రవ్వినచో ధనము మట్టిపాలగును. లోయ మిక్కిలి పెద్దది. అందు ఎక్కడ వెదకవలెను?

భూమి కూడ ఒక పుస్తకమువంటిది. ఇరువదియైదు కోట్ల సంవత్సరములకు పైగా గడచిన వెనుకటి కాలమున ఈ లోయలో బురదనేలలు, దట్టమైన వనములు ఉండెను. నాలుకవంటి ఆకులుగల చెట్లు అందు పెరిగెను. అవి పడిపోయి, నీటిలో మునిగి, ఇసుకచేతను మట్టిచేతను కప్పబడి, ఆ బరువుకును వేడికిని కాలక్రమమున బొగ్గుగా మారెను. ఈ బొగ్గు ఇష్టము వచ్చినచోట దొరకదు. అడుగున ముతక గుండ్రాళ్లతో కూడిన ఒక పొర, దానిపై తెల్లని ఇసుకరాయి, ఆ ఇసుకరాతి నడుమ బొగ్గు, వీని యన్నిటిపైన ఎర్రని ఇసుకరాయి, ఇది ఆ పుస్తకమందలి పుటల వరుస. వంగదేశపు గనులలో ఈ వరుస అప్పటికే తెలిసియుండెను. ఎర్రరాయి మీదనే నడుచువానికి బొగ్గు కనబడదు. పొరలు వాలియున్నచోట, పైపుట తొలగి లోపలిపుట అంచు నేలమీదికి తేలిన తావును పట్టుకొనవలెను.

కింగు చేసిన పని యదియే. నైజాము రాజ్యమునకు తూర్పువైపున, టేకు, ఇప్ప, తునికి చెట్లతో నిండిన అడవిలో ఇల్లెందు గ్రామము కలదు. కోయలు నివసించు ప్రదేశమది. 1871 ప్రాంతమున భద్రాచల రామదర్శనమునకు పోవు యాత్రికులు ఆ అడవిలో వంటకు పొయ్యి పెట్టుకొనగా, పొయ్యిరాళ్లే అంటుకొని మండినవని అచ్చటి జనులు నేటికిని చెప్పుకొందురు. ఎట్లయినను, అచ్చటి బొగ్గును శాస్త్రరీత్యా పరీక్షించి, అది బొగ్గుక్షేత్రమే యని నిర్ణయించినవాడు కింగు. ఎర్ర ఇసుకరాళ్ల నడుమ బొగ్గుగల తెల్లరాతిపొర అంచు అచ్చట నేలమీదికి తేలియుండుట ఆయన గుర్తించెను. దాని వాలును కొలిచెను; ఎల్లలను పటముమీద గీసెను. 1872లో ఆ సంగతిని శాఖవారి పత్రికలో ప్రకటించెను. సమీపమందలి మరియొక గ్రామము పేరునుబట్టి ఆ క్షేత్రమునకు సింగరేణి యను పేరు వచ్చెను. బొగ్గు ఇల్లెందుది, పేరు సింగరేణిది. ఆ పేరే నేటికిని నిలిచియున్నది.

బొగ్గు దొరకినది కాని, గని వెంటనే తెరువబడలేదు. దానికి పదునేడు సంవత్సరములు పట్టెను. ఏలయనగా ఆ అడవికి రహదారి లేదు. బొగ్గు బరువైన సరకు. బండ్లమీద మోసినచో కూలియే వెలను మించును. బొగ్గు లేక రైలు నడువదు, రైలు లేక బొగ్గు కదలదు. తుదకు నైజాము రాజ్యపు రైలుదారి సికింద్రాబాదునుండి వరంగల్లు మీదుగా బెజవాడవైపు సాగెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ యను ఆంగ్లేయ సంస్థ గనులు త్రవ్వు హక్కును పొందెను. ఆ కంపెనీ వాటాల వ్యవహారమున కొందరు అక్రమముగా లాభము గడించిరని వివాదము లేచి, 1888లో బ్రిటిషు పార్లమెంటువారు విచారణసంఘమును నియమించవలసి వచ్చెను. నేలలోని సంపద ఇంకను బయటికి రాకముందే నేలమీది వారు దానిని పంచుకొనుటకు పోరాడిరి. 1889లో ఇల్లెందునందు బొగ్గు తీయుట ఆరంభమయ్యెను. ఆ సంవత్సరమే రైలుదారి బెజవాడను చేరెను. డోర్నకల్లునుండి గనులకు ఒక శాఖామార్గము వేయబడెను.

గని యనగానే అందరికిని నేలక్రింది చీకటియే తలపునకు వచ్చును. కాని ఆ చీకటిలో పనిచేయువారి ప్రాణములు నేలమీది ఏర్పాట్లపై ఆధారపడియుండును. తెలంగాణపు కార్మికులు బొగ్గుగనిని బాయి యందురు. నూతికి ఒరయు గిలకయు ఎట్లో, బొగ్గుబాయికి పైకట్టడములు అట్లు.

బాయిలోనికి పోవుటకు రెండు విధములైన దారులు కలవు. బొగ్గుపొర నేలకు దగ్గరగా నున్నచోట, దాని అంచునుండి పొర వాలునే అనుసరించి ఏటవాలుగా త్రవ్వుకొని పోవుదురు. దీనిని కార్మికులు ఇంక్లైను అందురు. వాకిట రాతికమాను కట్టి, లోపలికి పట్టాలు వేసి, ఉక్కుమోకు కట్టిన టబ్బులను యంత్రముతో పైకి లాగుదురు. టబ్బు అనగా చిన్న చక్రములుగల ఇనుపతొట్టి. పొర లోతుగా నున్నచో నూతివలె నిలువుగా త్రవ్వవలెను. ఆ నిలువుబాయిమీద ఎత్తయిన గోపురమువంటి చట్రము నిలుపుదురు. దాని శిఖరమున పెద్ద గిలకలు తిరుగుచుండును. ప్రక్క యింటిలోని ఆవిరియంత్రము మోకును చుట్టుచు, విప్పుచు, బోనువంటి పెట్టెను పైకిని క్రిందికిని నడుపును. మనుష్యులు దిగుటయు, బొగ్గు ఎక్కుటయు దానియందే.

ఆ వాకిటిచుట్టును ఒక చిన్న ఊరే వెలయును. ఒకచోట హాజరు వ్రాయు గది. దానిప్రక్క దీపాల గది. దిగువాడు దీపము తీసికొని దిగును, ఎక్కినవాడు దానిని తిరిగి యిచ్చును. ఎవని దీపము తిరిగి రాలేదో వాడింకను లోపలనే యున్నాడని తెలియును. మరియొకచోట గనికప్పు కూలకుండ నిలుపుటకు కొట్టి పేర్చిన దుంగలు. లోపలి నీటిని తోడు పంపు, చెడుగాలిని లాగివేయు పెద్ద పంకా, ఆవిరి కాచు బాయిలర్లు, పనిముట్లను సాగగొట్టు కొలిమి, ఇవన్నియు వరుసగా నుండును. పైకి వచ్చిన టబ్బులను తూచి, జల్లెడలమీద పోసి, రాయిని ఏరి, పెద్దబొగ్గును చిన్నబొగ్గును వేరుపరచి, రైలుబండ్లలో నింపుదురు. మొదటి దినములలో తట్టలతో బొగ్గు మోయువారిలో స్త్రీలును ఉండిరి.

బొగ్గుబాయికి రెండు వాకిళ్లుండుట నేడు చట్టమే. దీనివెనుక ఒక విషాదగాథ కలదు. కింగు పెరిగిన న్యూకాసిలు పట్టణమునకు సమీపమున హార్ట్లీ యను గని యుండెను. దానికి ఒక్కటే నిలువుబాయి. 1862 జనవరి 16వ తేదీని నీరు తోడు యంత్రపు పెద్ద ఇనుపదూలము విరిగి బాయిలో పడెను. దారి పూడిపోయెను. పైనున్నవారు ఇంచుమించు ఆరు దినములు రేయింబవళ్లు త్రవ్వి లోపలికి పోవుసరికి లోపలివారందరును విషవాయువుచే మరణించియుండిరి. ఆ ప్రమాదమున 204 మంది పెద్దలును బాలురును ప్రాణములు కోల్పోయిరి. ఆ సంవత్సరమే ప్రతి బొగ్గుగనికిని రెండు దారులుండవలెనని ఇంగ్లాండునందు చట్టము చేసిరి. అప్పటికి కింగు మద్రాసు రాజధానిలో ఎండలో తిరుగుచు రాళ్లు కొట్టుచుండెను. తాను పుట్టి పెరిగిన సీమలో బొగ్గు వెల యెంతయో ఆయనకు తెలియని సంగతి కాదు. భారతదేశమున గనుల చట్టము 1901లో గాని రాలేదు.

ఇందువలన కింగువంటివాని పని ఎంత బాధ్యతగలదో తెలియును. పటముమీద ఆయన గీసిన గీతనుబట్టియే వాకిలి ఎచ్చట తెరువవలెనో నిర్ణయింతురు. ఆ గీత తప్పినచో వాకిలి తప్పును, ధనము వ్యర్థమగును, మనుష్యుల శ్రమ వమ్మగును. లోపల ఏమున్నదో తెలియకయే పైకట్టడములు కట్టినచో ఏమగునో వయనాడు బంగారుగనులు చాటిచెప్పినవి. 1879 తరువాత ఆ కొండలలో బంగారము కొల్లలుగా దొరకునని ఆశపడి పెక్కు కంపెనీలు లండనునందు పుట్టెను. బంగళాలు కట్టిరి, భారీయంత్రములు తెప్పించి నిలిపిరి. వెచ్చించినదానికి తగిన బంగారము రాలేదు. కొలది సంవత్సరములలోనే కంపెనీలు మూతపడి, యంత్రములు అడవిలో త్రుప్పుపట్టెను. సింగరేణిలో అట్లు జరుగలేదు. పొర పటములో చూపిన తావుననే దొరకెను.

కింగు ఇల్లెందుతో తన పని ముగించి యూరకుండలేదు. తొమ్మిది సంవత్సరములు ప్రాణహిత గోదావరి లోయను, కోస్తా గోదావరి జిల్లాను, నెల్లూరుసీమను సర్వే చేసెను. 1881లో ప్రాణహిత గోదావరి లోయనుగూర్చి పెద్ద గ్రంథమును వెలువరించెను. పిదప ఆ లోయలో బెల్లంపల్లి, కొత్తగూడెము, రామగుండము మొదలగుచోట్ల గనులు తెరచినవారందరును ఆయన మొదట పరచిన బాటలోనే నడచిరి.

1887లో ఆయన భారత భూగర్భశాస్త్ర శాఖకు డైరెక్టరయ్యెను. సామాన్యోద్యోగిగా సుత్తి చేతబట్టిన మనుష్యుడు ముప్పది సంవత్సరములకు ఆ శాఖకే అధిపతియై కలకత్తాలో కూర్చుండెను. ఆయన అధికారమున ఉండగనే సింగరేణి బొగ్గు మొదటిసారి రైలెక్కెను. అప్పటినుండి దక్షిణదేశపు రైళ్లకు ఆ బొగ్గు ఆధారమయ్యెను. ఇంగ్లాండు బొగ్గుతో అవసరము తగ్గెను. 1894లో ఆయన ఉద్యోగమును విరమించెను. 1900వ సంవత్సరమున పరమపదించెను.

కింగునకు గనిలో వాటా లేదు. ఆ గనులలో లాభము పొందినవారు వేరు, చెమటోడ్చినవారు వేరు. ఇల్లెందున దొరకిన మేలిరకపు పొరకు మాత్రము గనివారు కింగు పొర యని పేరు పెట్టిరి. అది ఒక్కటే ఆయన పొందిన ప్రతిఫలము. ఆ చీకటిలో దీపము పట్టుకొని పొరను త్రవ్విన కార్మికులు, ఆయన ఎవ్వరో తెలియకపోయినను, ఆయన పేరును నిత్యము ఉచ్చరించుచుండిరి.

అడవిగ్రామమైన ఇల్లెందు బొగ్గుట్టయని ప్రసిద్ధికెక్కెను. 1920లో సింగరేణి కాలరీసు కంపెనీ ఏర్పడెను. 1945లో హైదరాబాదు ప్రభుత్వము దాని వాటాలలో హెచ్చుభాగమును కొనెను. ఆవిధముగా అది దేశమున ప్రభుత్వాధీనమైన మొదటి బొగ్గుసంస్థ యయ్యెను. నేడది తెలంగాణ ప్రభుత్వమునకును కేంద్రప్రభుత్వమునకును చెందియున్నది. ప్రధానకార్యాలయము కొత్తగూడెమున కలదు. ఇప్పుడు పెక్కుచోట్ల నిలువుబాయి, ఇంక్లైను అవసరము లేకుండ పైనేలను యంత్రములతో తొలగించి ఆరుబయటనే బొగ్గు తీయుచున్నారు. ఆవిరిబండ్లు పోయినవి. అయినను బొగ్గు అవసరము తీరలేదు. బెజవాడ దగ్గర ఇబ్రహీంపట్టణమున 1979లో ఆరంభమైన విద్యుత్కేంద్రము బొగ్గును మండించియే కరెంటు పుట్టించుచున్నది. ఎగువ నేల క్రింది చీకటినుండి వచ్చిన బొగ్గే దిగువ పల్లెలలో వెలుగై వచ్చుచున్నది.

ఘంటసాలలో నూయి త్రవ్వినవానికి రాయి తగులదు. కాని అతడు చేతిలోనికి తీసికొన్న ఒండ్రుమట్టి ఎగువనున్న కొండలు అరిగి వచ్చినదే. కృష్ణ ఏ రాళ్లమీదుగా పారినదో ఆ రాళ్ల చరిత్ర అందులో కలదు. దానిని చదువ నేర్చినవానికి పిడికెడు మట్టియు పుస్తకమే. కింగు ఈ పుస్తకమును తొందరపడక, పుట తప్పక, ముప్పది సంవత్సరములు చదివెను. కనబడినదానినే వ్రాసెను, కనబడనిదానిని ఊహించి ఆశపెట్టలేదు. బొగ్గుబాయి వాకిట గిలకలు తిరుగకముందే, కమాను కట్టకముందే, ఆ వాకిలి మొదట ఆయన పటముమీద తెరువబడినది. గొప్ప పనులకు మొదటి వాకిలి ఓర్పుతో చూచు చూపేయని విలియం కింగు జీవితము మనకు బోధించుచున్నది.